ఎత్తైన చోట గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గనప్పుడు రక్తంలో ఎందుకు తగ్గుతుంది?

ఎంత ఎత్తైన పర్వతం ఎక్కినా గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతమే ఉంటుంది. తగ్గేది దాని పీడనం. ఊపిరితిత్తుల్లోని గాలిగదుల నుంచి ఆక్సిజన్ రక్తంలోకి చేరడానికి ఆధారం ఆ పీడనమే.

సముద్రమట్టం వద్ద వాయుపీడనం 760 మిల్లీమీటర్ల పాదరసానికి సమానం. పీల్చిన గాలి శ్వాసనాళంలో తడిసినప్పుడు నీటి ఆవిరి అందులో 47 ఆక్రమిస్తుంది కనుక, మిగిలిన 713లో 21 శాతం, అంటే సుమారు 150 ఆక్సిజన్‌కు దక్కుతుంది. 5,500 మీటర్ల ఎత్తున మొత్తం పీడనం దాదాపు సగానికి, అంటే 380కి పడిపోయినా, ఒంటి వేడిమి మారదు కాబట్టి ఆవిరి తన 47ను వదులుకోదు. దాంతో ఆక్సిజన్ వాటా సగం కన్నా తక్కువకు, 70కి దిగుతుంది. ఈ ఆవిరి లెక్కను చాలామంది మరిచిపోతారు.

రక్తంలో తగ్గుదల మాత్రం ఒకే తీరున సాగదు. ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం 100 నుంచి 60కి తగ్గినా దాన్ని మోసే హిమోగ్లోబిన్ సుమారు 90 శాతం ఆక్సిజన్‌తో నిండే ఉంటుంది. ఆ తర్వాతే వేగంగా జారుతుంది. అందుకే సుమారు 2,400 మీటర్ల ఎత్తుకు సమానమైన పీడనం ఉండే విమానం క్యాబిన్‌లో ఆరోగ్యవంతులకు సాధారణంగా తేడా తెలియదు. అప్పటికే ఆ 60 అంచున ఉన్న ఊపిరితిత్తుల రోగులకు అదే ప్రయాణం ఇబ్బంది కలిగించవచ్చు.

ఆక్సిజన్ తగ్గినట్టు మెడలోని కెరోటిడ్ గ్రాహకాలు పసిగట్టి శ్వాసను పెంచుతాయి. ఆ వేగానికి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి, రక్తంలో క్షారగుణం పెరిగి, శ్వాసకు మళ్లీ కళ్లెం పడుతుంది. మూత్రపిండాలు కొద్ది రోజుల్లో క్షారగుణం ఉన్న బైకార్బొనేట్‌ను విసర్జించే కొద్దీ ఆ కళ్లెం సడలుతుంది.