ఏడాది దాటిందని కిందికి దించకు

చిత్తూరు

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పాల సేకరణ లెక్కల డేటాబేస్ మొత్తం నీ చేతికి ఇచ్చారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మా పిల్ల తిరుపతిలో అంత పని చూస్తోందని వీధిలో నలుగురికీ చెప్పుకొన్నాను కూడా. ఆ తర్వాత నువ్వు పంపిన పథకం చదివాను. ఏడాది దాటిన పాల చీటీలన్నీ నెమ్మదిగా చదివే చవక హార్డ్ డిస్క్‌కు దించడం, మిగిలినవి వేగంగా చదివే ఎస్ఎస్‌డీలో ఉంచడం. అప్పటి నుంచి నాకు మనసు నిలవడం లేదు.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. చీటీల టేబుల్‌ను నెలవారీ ముక్కలుగా, అంటే పార్టిషన్లుగా చెయ్యి. ఒక్కో డిస్క్‌కు ఒక్కో టేబుల్‌స్పేస్ (టేబుళ్లను ఉంచే చోటు) పెట్టు. మీ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్‌లో ర్యాండమ్ పేజ్ కాస్ట్ (అక్కడొకటి ఇక్కడొకటి చదవడానికి అది వేసుకునే ఖర్చు అంచనా) మామూలుగా 4 ఉంటుంది. ఎస్ఎస్‌డీ టేబుల్‌స్పేస్‌కు మాత్రం 1.1కు తగ్గించు. ఇవి నాకన్నా నీకే బాగా తెలుసు.

నా భయమంతా నువ్వు గీసిన ఆ ఏడాది గీత మీదే.

నేను మన జిల్లాలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు చూసే రోజుల్లో, అక్కడి కంప్యూటర్ల కుర్రవాడు ఇదే పని చేశాడు. తెలివైనవాడే. జనవరి నెలంతా ఏ టేబుల్‌ను ఎవరు చదువుతున్నారో గమనించాడు. పాత సంవత్సరాల జోలికి ఎవరూ పోవడం లేదని తేల్చి, ఇండెక్సులతో (కావలసిన వరుసను త్వరగా వెతికిపెట్టే సూచికలతో) సహా అన్నిటినీ హార్డ్ డిస్క్‌కు దించేశాడు. ఎస్ఎస్‌డీలో చోటు మిగిలిందని యజమాని మెచ్చుకున్నాడు. జనవరిలో ఫ్యాక్టరీకి కాయే రాదు, చదివేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు?

జూన్‌లో తోతాపురి దిగింది. కాటా దగ్గర చీటీ కొట్టే ముందు ఆ రైతు నిరుటి అడ్వాన్సు, బాకీ, అంతకు ముందు తోలిన లోడ్లు అన్నీ చూడాలి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్‌కు ఒక్క చుట్టు తిరగడానికే 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. అక్కడొకటి ఇక్కడొకటి చదవమంటే సెకనుకు వందసార్లకు అటూ ఇటూ, అంతే. కాటాలు, ఆఫీసు, చెల్లింపుల వాళ్లు ఒక్కసారిగా అడిగేసరికి చీటీ రావడమే గగనమైంది. ట్రాక్టర్ల వరుస రోడ్డెక్కింది.

అసలు తప్పు అప్పుడు చేశాడు. కంగారులో పట్టపగలు ఆ టేబుల్‌ను మళ్లీ ఎస్ఎస్‌డీకి మార్చమని ఆదేశం ఇచ్చాడు. సెట్ టేబుల్‌స్పేస్ అనే ఆ ఆదేశం నడుస్తున్నంతసేపూ ఆ టేబుల్‌ను చదవడానికి కూడా ఎవరికీ వీలుండదు. నత్తనడక నడుస్తున్న కాటా కాస్తా నిలిచిపోయింది. కేకలు మొదలయ్యాక సగంలో ఆపించారు, చేసిన కాపీ అంతా వృథా. ఒక పెద్దాయన తడి గోనెపట్టాలు లోడు మీద కప్పుకుంటున్నాడు. ఎండకు కాయలో తగ్గే బరువు ఆయన జేబులోంచే పోతుంది మరి. ఆ కుర్రవాణ్ణి ఎవరూ కొట్టలేదు గానీ, కొట్టినా బాగుండేదన్నట్టు కూర్చున్నాడు.

పాలల్లోనూ ఇంతే తల్లీ. రైతులకు బోనస్ కట్టే వారంలో పాత చీటీలన్నీ లేస్తాయి. నెల రోజులు చూసి తేల్చేయకు. ఒక బోనస్, ఒక ఆడిట్ గడవనీ. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ 16 నుంచి, టేబుళ్ల వాడకం లెక్కలు చూపే పీజీ స్టాట్ యూజర్ టేబుల్స్‌లో ఆఖరిసారి ఎప్పుడు చదివారో కూడా కనిపిస్తుంది, అది చూడు. టేబుల్‌ను దించినా ఇండెక్సు దానంతట అది వెంట పోదు. దాన్ని పైన ఎస్ఎస్‌డీలోనే ఉండనీ. దించిన ఇండెక్సును పైకి తేవలసి వస్తే, వెర్షన్ 14 నుంచి, ఇండెక్సును మళ్లీ కట్టే రీఇండెక్స్ కంకరెంట్లీ ఆదేశంలోనే టేబుల్‌స్పేస్ పేరు ఇవ్వవచ్చు, పని ఆగదు. ఆ కుర్రవాడి కాలానికి అది లేదు.

ఇంకొకటి. 'పాతవి వేరే డిస్క్‌లో భద్రంగా ఉంటాయి' అని రాశావు. ఎవరు చెప్పారు నీకు? టేబుల్‌స్పేస్ బ్యాకప్ కాదు. ఆ చవక డిస్క్ పోతే సర్వరే లేవకపోవచ్చు. దానికి జోడీగా ఇంకో డిస్క్ పెట్టి రెయిడ్ 1 (రెండింటిలోనూ అదే రాత) చెయ్యి, బ్యాకప్ వేరే యంత్రానికి తియ్యి. ఖర్చని మీ మేనేజర్ అడ్డం చెబితే, రాతపూర్వకంగా చెప్పమను. నోటిమాట మీద ఊరుకోకు.

మార్చే రాత్రి ఏదో ముందే చెప్పు. బస్సెక్కితే రెండు గంటల దారి. నేను కీబోర్డు ముట్టను, మీ అత్తయ్య కట్టిచ్చిన పులిహోర తింటూ పక్కన కూర్చుంటాను. నువ్వు మాత్రం తినకుండా పని మొదలుపెట్టకు.

ఇట్లు,
మీ మామయ్య