కంప్యూటర్ సందేహాలు: స్పీడు 94 దగ్గరే ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న: మాది 300 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. ముందు గదిలో ఫోన్‌కి వైఫైలో 280 దాకా వస్తోంది. పాత ఇల్లు, గోడలు మందం. అందుకే వెనక గదిలో కంప్యూటర్‌కి లాన్ కేబుల్ లాగించాం. దానికి మాత్రం 94 దాటట్లేదు. ఎందుకు?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ఫోన్‌కి 280 వస్తోందంటే బయటి లైను బాగానే ఉంది. 94 అనగానే అనుమానించాల్సింది కంప్యూటర్‌కీ మోడెంకీ మధ్య 100 ఎంబీపీఎస్ లింకును. అందులో ఓవర్‌హెడ్ (డేటాతో పాటు పోయే అదనపు సమాచారం) పోగా మిగిలేది దాదాపు అంతే. విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్‌నెట్‌లోకి వెళ్లి లింక్ స్పీడ్ చూడండి. 1000/1000 ఉండాల్సిన చోట 100/100 కనిపిస్తుంది.

లాన్ కేబుల్లో 8 తీగలు, 4 జతలు. వందకు 2 జతలు చాలు (1, 2, 3, 6 పిన్నులు). గిగాబిట్‌కి (1000 ఎంబీపీఎస్) నాలుగూ కావాలి. నీలం జతలోనో గోధుమ జతలోనో ఒక్క తీగ తెగినా, కేబుల్ చివరి క్లిప్పులో సరిగా దిగకపోయినా లింకు వందకు పడిపోతుంది. నెట్ మాత్రం వస్తూనే ఉంటుంది కాబట్టి కేబుల్ మీద ఎవరికీ అనుమానం రాదు!

ముందు కంప్యూటర్‌ని మోడెం దగ్గరకు తెచ్చి, 1 మీటరు మంచి ప్యాచ్ కార్డ్‌తో (రెండు చివర్లా క్లిప్పులున్న రెడీమేడ్ లాన్ కేబుల్) కలపండి. 1000 చూపిస్తే తప్పు గోడ వెంట పోయే కేబుల్‌దే. రెండు చివర్లా క్లిప్పులు కత్తిరించి కొత్తవి కొట్టించండి. తీగల వరుస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. అప్పటికీ 100 అంటే కేబుల్ మార్చాల్సిందే. కొనేటప్పుడు తీగను బ్లేడుతో గీకి చూడండి. లోపల వెండి రంగు కనిపిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం, తొందరగా విరుగుతుంది. పూర్తి రాగి క్యాట్ 5ఈ రకం కేబుల్ చాలు, 100 మీటర్ల దాకా గిగాబిట్ ఇస్తుంది.

మోడెం దగ్గరా 100 అనే చూపిస్తే పోర్టు మార్చి చూడండి. కొన్ని మోడెంలలో ఒక్క పోర్టే గిగాబిట్. కంప్యూటర్ లాన్ కార్డే పాతదైతే యూఎస్‌బీ 3.0 గిగాబిట్ అడాప్టర్ పెట్టుకోవచ్చు.

ప్రశ్న: వానపడిన రాత్రి నుంచి మోడెం మీద ‘లాస్’ లైటు ఎర్రగా వెలుగుతోంది. రీసెట్ చేయమంటారా?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: వద్దండీ. ఫైబర్‌లో వెలుతురు మోడెం దాకా రావట్లేదని ఆ లైటుకు అర్థం. రీసెట్‌తో అది రాదు, పైగా లాగిన్ వివరాలు చెరిగిపోవచ్చు. మోడెంకి వచ్చే సన్నటి ఫైబర్ ఎక్కడైనా మడతపడిందేమో, కనెక్టరు చివరిదాకా దిగిందో లేదో చూడండి. విప్పితే కొన తాకకండి, అందులోకి తొంగి చూడకండి. ఆ లేజరు కంటికి కనపడదు. ఆపరేటర్‌కి ఫోన్ చేసి తెలుగులోనైనా ఒడియాలోనైనా ‘లాస్ రెడ్’ అని చెప్పండి. ‘నెట్ రావట్లేదు’ అంటే ముందు మోడెం ఆపి మళ్లీ ఆన్ చేయమంటారు, దానివల్ల లాభం లేదు.