బాణం తీసేస్తే దారి మూసుకుపోదు

ప్రశ్న: మా రుణ యాప్‌లో దరఖాస్తును నాలుగు స్లయిడ్ల కరోసెల్‌గా (పక్కకు జరుపుతూ ఒక్కొక్కటిగా చూసే తెరలుగా) చేశాం. ఓటీపీ సరిచూసేదాకా ఎవరూ ముందుకు వెళ్లకూడదని పక్కనుండే బాణాల బటన్లను తీసేశాం. అయినా వేలితో జరిపితే తరువాతి స్లయిడ్ వచ్చేస్తోంది. ఎలా ఆపాలి?

జవాబు: కొద్దిపాటి మార్పులతో ఇదే ప్రశ్న నాకు పదేపదే వస్తోంది. కరోసెల్‌లు తయారుచేసే కోడ్ లైబ్రరీ స్వైపర్‌లో ‘నావిగేషన్’ అనే సెట్టింగ్‌ను ఫాల్స్ (వద్దు) చేస్తే పోయేవి బాణాలే. వేలితో జరపడాన్ని ఆపడానికి ‘అలౌటచ్‌మూవ్’ విడిగా ఉంది. మీ అవసరానికి ‘అలౌస్లయిడ్‌నెక్స్ట్’ను ఫాల్స్ చేస్తే చాలు. వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు, ముందుకు మాత్రం కదలదు. ఓటీపీ సరిపోయాక మొదట దాన్ని ట్రూ (సరే) చేసి, ఆ తరువాతే తరువాతి స్లయిడ్‌కు తీసుకెళ్లే ‘స్లయిడ్‌నెక్స్ట్’ ఆదేశాన్ని పిలవండి. లేకపోతే మీ కోడ్ పిలిచినా స్లయిడ్ కదలదు. మీ యాప్‌ను స్వైపర్‌తో కాక వేరే పరికరాలతో తయారుచేసి ఉంటే, ఫ్లట్టర్ పేజ్‌వ్యూలో ‘నెవర్‌స్క్రోలబుల్‌స్క్రోల్‌ఫిజిక్స్’, ఆండ్రాయిడ్ వ్యూపేజర్2లో ‘యూజర్‌ఇన్‌పుట్‌ఎనేబుల్డ్’ చూడండి.

అసలు నన్ను కలవరపెట్టింది మీ ప్రశ్నలో రెండో వాక్యం. బటన్ తీసేయడాన్నే ఓటీపీకి కాపలా అనుకున్నారు! యాప్ నడిచేది వినియోగదారు ఫోనులో. అక్కడున్న కోడ్‌ను మార్చడం, తెరతో పనిలేకుండా మీ సర్వర్‌కు నేరుగా అభ్యర్థన పంపడం కొద్దిపాటి అనుభవం ఉన్నవారికి పెద్ద పనేమీ కాదు. ‘ఓటీపీ అయిపోయింది’ అని యాప్ చెప్పిన మాటను సర్వర్ నమ్మితే, ఎవరి పేరు మీదనో ఎవరో అప్పు తీసుకుంటారు. వాయిదాల కోసం వేధింపు ఫోన్లు మాత్రం ఆ పేరున్న మనిషికి వస్తాయి. అందుకే ఓటీపీ సరిపోయిందన్న సంగతిని సర్వరే నమోదు చేసుకోవాలి, తరువాతి ప్రతి దశలోనూ దాన్నే చూడాలి. తప్పు ప్రయత్నాలకు పరిమితి, ఓటీపీకి గడువు కూడా అక్కడే ఉండాలి.

ఇంకొకటి. చాలా కరోసెల్‌లు అన్ని స్లయిడ్లనూ ఒకేసారి తయారుచేసి పెట్టుకుంటాయి. మీ చివరి స్లయిడ్‌లో పాన్ నంబరో బ్యాంకు ఖాతా వివరాలో ముందే నింపి ఉంటే, అవి తెర పక్కన దాగి ఉన్నాయే తప్ప ఫోనులోకి వచ్చేసినట్టే. తెర మీది అక్షరాలను చదివి వినిపించే టాక్‌బ్యాక్, కనిపించని ఆ స్లయిడ్‌ను కూడా బయటికి చదివేయవచ్చు. బస్సులో పక్క సీటువారికి వినపడితే? ఓటీపీ సరిపోయేదాకా ఆ వివరాలను సర్వర్ నుంచి పంపకండి.

అసలు బాణాలను తీసేయడంపైనే నాకు అభ్యంతరం ఉంది. చేతులు వణికేవారికి వేలితో జరపడం కష్టం. వైకల్యం ఉన్నవారూ వాడగలిగేలా రూపొందించిన వెబ్ ప్రాప్యతా ప్రమాణాల 2.1 సంచిక 2018లోనే, వేలి కదలికతో చేసే పనికి ఒక్క తాకుతో జరిగే మార్గం కూడా ఉండాలని చెప్పింది. 2023లో వచ్చిన 2.2 సంచిక తాకే చోటు కనీసం 24 పిక్సెళ్లు ఉండాలంది. అయినా అందం కోసం బాణాలను తీసేసే యాప్‌లు ఆగడం లేదు.

రుణ యాప్‌లలో ఇది మరీ అన్యాయంగా ఉంటుంది. కొన్నింటిలో వడ్డీ, రుసుముల స్లయిడ్ దాటగానే వెనక్కి బాణం మాయమవుతుంది. సంతకంతో సమానమైన తాకు ముందు మనిషి షరతులను మళ్లీ చదువుకోలేడు. వినియోగదారులను తప్పుదారి పట్టించే 13 రకాల డిజైన్ ఎత్తుగడలను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు మార్గదర్శకాల్లో పేర్కొని నిషేధించింది. మీ బృందంతో ఆ జాబితా చదివించండి. ‘అంగీకరిస్తున్నాను’ అనే బటన్ ఉన్న మీ స్లయిడ్‌లో వెనక్కి బాణం పనిచేస్తోందో లేదో ఈరోజే చూడండి.