హైవే మీద చల్లగా, ఊళ్లో ఆగితే వేడిగా: గ్యాస్ నింపించే ముందు ఫ్యాన్ చూడండి

మీ ప్రశ్న చదువుతుంటే మూడేళ్ల కిందటి నా కారే గుర్తొచ్చింది. హైవే ఎక్కితే ఏసీ చల్లగా ఉంటోంది, ఒంగోలులో అద్దంకి బస్టాండు సెంటర్లో ఆగితే వేడి గాలి వస్తోంది, గ్యాస్ అయిపోయింది నింపుదాం అని మెకానిక్ అంటున్నాడు, నింపించాలా అని అడిగారు. ఇప్పుడే నింపించకండి. నేను ఒకే ఎండాకాలంలో రెండుసార్లు నింపించి, అసలు రోగం మూడోసారికి గానీ కనుక్కోలేకపోయాను.

మాది కావలి. కంటి ఆపరేషన్ అయిన మా అమ్మను చెకప్ కోసం నెల్లూరు తీసుకెళ్లాను. రోహిణి కార్తె. కావలి నుంచి దారంతా చల్లగానే ఉంది. నెల్లూరులో మద్రాసు బస్టాండు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కోగానే ఏసీలోంచి వడగాలి మొదలైంది. ఇరవై నిమిషాల్లో అమ్మ సోలిపోయింది. అద్దాలు దించితే దుమ్ము కంట్లో పడుతుందని భయం. ఆ రోజు నేను పడిన టెన్షన్ ఎప్పటికీ మర్చిపోలేను. అప్పటికి నెల ముందే ఒక షాపులో గ్యాస్ నింపించాను. తర్వాత ఇంకో షాపులోనూ అదే చేశారు. నింపిన కొత్తలో కొంచెం నయం, మళ్లీ మామూలే.

చివరికి నెల్లూరులోనే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన మొదట అన్న మాట ఇది: "గ్యాస్ యాడికి పోద్ది అబ్బయ్యా? అది పెట్రోలు కాదు గదా ఖర్చయిపోడానికి. తగ్గిందంటే యాడో కారతన్నట్టే."

తర్వాత ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఏసీ వేయించి, బానెట్ ముందు జాలీకి ఒక న్యూస్‌పేపర్ ముక్క ఆనించారు. జాలీ వెనక ఉండే ఫ్యాన్ గాలిని బాగా లాగుతుంటే కాగితం జాలీకి అతుక్కోవాలి. నా కారులో అది జారి కింద పడింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, అందుకే మిగతా షాపుల వాళ్లు దాన్ని అనుమానించలేదు. మోటారు అరిగి, తిరగాల్సినంత వేగంగా తిరగడం లేదు, అంతే.

రేడియేటర్ ముందు ఉండే కండెన్సర్ పని, కారు లోపల లాగేసిన వేడిని బయటికి వదలడం. వంద స్పీడులో పోతుంటే ఎదురుగాలే దాన్ని చల్లారుస్తుంది. బండి ఆగితే ఫ్యాన్ ఒక్కటే దిక్కు. మీ కారు లక్షణం కూడా అచ్చం ఇదే కాబట్టి ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. నీడలో బండి ఆపి, ఏసీ ఫుల్‌గా పెట్టి, లోపల గాలి వేడెక్కేదాకా ఆగండి. అప్పుడు ముందు జాలీలోంచి కండెన్సర్ మీద మగ్గుతో నీళ్లు మెల్లగా పోయండి. పైపుతో గట్టిగా కొడితే సన్నటి రేకులు వంగిపోతాయి. ఒకటి రెండు నిమిషాల్లో చల్లగాలి వస్తే లోపం ఫ్యాన్‌లోనో, దుమ్ముతో పూడుకుపోయిన కండెన్సర్‌లోనో ఉన్నట్టు. ఫ్యాన్ దగ్గర మాత్రం చెయ్యి పెట్టొద్దు, అది ఉన్నట్టుండి తిరుగుతుంది.

ఇంకో సంగతి, చాలా కార్లలో ఇంజిన్‌ను చల్లబరిచేది కూడా ఆ ఫ్యానే. ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే దీన్ని వాయిదా వేయకండి.

నా కారులో రెండో లోపం కూడా ఉంది. కండెన్సర్ కింది మూలలో నూనె అంటినట్టు నల్లటి మరక. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంటుంది కాబట్టి, కారిన చోట ఆ జిడ్డుకు దుమ్ము పట్టేస్తుంది. నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ రాస్తే అక్కడ బుడగలు లేచాయి. అల్యూమినియం కదా, మా కావలి దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న తుమ్మలపెంట వైపు ఉప్పుగాలికి తినేసి ఉంటుందన్నారు. మీరూ సముద్రం పక్కన తిరిగేవాళ్లయితే ఆ మూలలు తప్పకుండా చూపించండి.

కండెన్సర్, ఫ్యాన్ మోటారు మార్చారు. లైను విప్పారు కాబట్టి తేమ పీల్చే డ్రయ్యర్ కూడా కొత్తది వేశారు. అరగంటకు పైగా వ్యాక్యూమ్ పెట్టి లైనులో గాలంతా లాగేసి, ఆ వ్యాక్యూమ్ నిలబడిందో లేదో చూసి, అప్పుడు గ్యాస్ ఎక్కించారు. అదీ బానెట్ కింద స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములే, తూకం వేసి. ఈ గ్యాస్ (ఆర్134ఎ) ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది. అన్నీ కలిపి నాకు పదమూడు వేల దాకా అయింది. తర్వాత మూడు ఎండాకాలాలు గడిచాయి, మళ్లీ గ్యాస్ జోలికి పోలేదు.

గాలి చల్లగానే ఉండి తక్కువగా వస్తుంటే అది వేరే సంగతి, ముందు గ్లవ్‌బాక్స్ వెనక క్యాబిన్ ఫిల్టర్ చూడండి. కారు లోపలికి గాలి ఊదే బ్లోయర్ ఆఖరి స్పీడులోనే పనిచేస్తుంటే, ఎక్కువసార్లు దాని స్పీడు తగ్గించే రెసిస్టర్ పోయి ఉంటుంది.

షాపుకు వెళ్తే, బండి నిలబెట్టి ఏసీ వేసి గ్యాస్ ఒత్తిడి చూపే రెండు గేజీలూ పెట్టమనండి. ఎక్కువ ఒత్తిడి వైపు చూపే ఎర్ర గేజీ బాగా పైకి పోయి, కండెన్సర్ మీద నీళ్లు పోయగానే దిగితే గ్యాస్ తక్కువ కానట్టే. రెండూ కిందే ఉంటే కారుతున్న చోటు వెతకమనండి. ముందు నీళ్ల పరీక్ష చేసి, ఏమైందో ఇక్కడే రాయండి, చూస్తాను.