ఈ పీహెచ్‌డీ చేస్తే మా అమ్మాయికి ఉద్యోగం వస్తుందా?

ఖమ్మం నుంచి ఒక తండ్రి అడిగారు: ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసిన అమ్మాయికి ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీలో మెటాసర్ఫేస్‌ల మీద ఉపరితల తరంగాల ప్రయోగాలకు పీహెచ్‌డీ సీటు వచ్చింది, టాపిక్ ఎవరికీ అర్థం కావట్లేదు, సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటారా అని.

అయ్యా, తొందరపడి వద్దనకండి. లోహపు పలక మీద తరంగదైర్ఘ్యం కన్నా చిన్న గుంతలు వరసగా చేస్తే, మైక్రోవేవ్ తరంగం గాల్లోకి పోకుండా ఆ పలకనే అంటిపెట్టుకుని పాకుతుంది. అలాంటి పలకే మెటాసర్ఫేస్, అలా పాకేదే ఉపరితల తరంగం. 2004లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త జాన్ పెండ్రీ, ఆయన సహచరులు దీన్ని లెక్కగట్టి చెబితే, మరుసటి ఏడాదే ఎక్సెటర్ వాళ్లు ఇత్తడి గొట్టాలు పేర్చి కొలిచి చూపించారు. మీ అమ్మాయికి సీటొచ్చింది అలాంటి చోట!

రోజువారీ పని ఎలా ఉంటుందంటే, 10 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 3 సెంటీమీటర్లు కాబట్టి నమూనాలు కంటికి కనిపిస్తాయి, చేత్తో పట్టుకోవచ్చు. కోయాక్స్ కేబుల్ (టీవీ కేబుల్ లాంటిది) చివర తొడుగు ఒలిచి, మిగిలిన కొన్ని మిల్లీమీటర్ల తీగనే యాంటెన్నాగా పెట్టి, పలక మీద మిల్లీమీటరు చొప్పున జరుపుతూ వెక్టర్ నెట్‌వర్క్ అనలైజర్ అనే పరికరంతో తరంగం బలం, ఫేజ్ (అక్కడ తరంగం ఏ దశలో ఉందో) రెండూ కొలవాలి. ఒక్కో స్కాన్‌కి రాత్రంతా పట్టొచ్చు. మధ్యలో కేబుల్ కాస్త వంగితే చాలు ఫేజ్ తప్పుతుంది, పొద్దున్నే వచ్చి మళ్లీ మొదటికి రావాలి. ఈ ఓపిక ఆమెకు ఉందో లేదో ముందు ఆమెనే అడగండి.

ఉద్యోగం ఇప్పించేది ఈ కొలిచే చెయ్యే. యాంటెన్నా, రాడార్, ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల) టెస్టింగ్ పనుల్లో రోజూ వాడే పరికరం ఆ అనలైజరే. మన దగ్గర హైదరాబాద్‌లో రక్షణ శాఖ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ డీఎల్‌ఆర్‌ఎల్, విశాఖలో కేంద్ర ప్రభుత్వ మైక్రోవేవ్ పరిశోధన సంస్థ సమీర్ వాళ్ల కేంద్రం ఇలాంటి పనే చేస్తాయి. అయితే కొన్ని నోటిఫికేషన్లు ఈసీఈ డిగ్రీనే అడుగుతాయి, అది తెలిసే వెళ్లాలి. డేటా కోసం పైథాన్ ఎలాగూ నేర్చుకుంటుంది, దానికోసం వేరే కోర్సు అక్కర్లేదు.

నాకు టెన్షన్ డబ్బు దగ్గరే. అక్కడ స్థానికుల ఫీజు ఒకటి, బయటి దేశాల వాళ్ల ఫీజు మరొకటి. ఆ తేడా ఎవరు కడతారో, స్టైపెండ్ ఎన్నేళ్లు ఇస్తారో లెటర్‌లో రాసి ఇవ్వమనండి. వీసా ఫీజు కాక హెల్త్ సర్‌ఛార్జ్ ఏడాదికి 776 పౌండ్లు, అన్నేళ్లదీ ముందే కట్టాలి. ఫీజు తేడా మీ మీద పడేటట్టయితే మాత్రం అప్పు చేసి పంపకండి, ఇక్కడ జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ప్రభుత్వ ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37,000 ఇస్తూ చదివిస్తారు.