సముయిలో విల్లా కొంటే స్థలం మనదవుతుందా?

ప్రశ్న: మాది విజయవాడ. నాకు 54 ఏళ్లు. థాయ్‌లాండ్‌లోని కో సముయి దీవిలో స్థలంతో సహా విల్లా కొందామని నేనూ మావారూ అనుకుంటున్నాం. ‘కంపెనీ పెట్టి 51 శాతం వాటాలు థాయ్‌వాళ్ల పేరున రాయిద్దాం, వాళ్ల సంతకాలు ముందే తీసుకుంటాం, టెన్షన్ వద్దు’ అంటున్నాడు ఏజెంటు. నమ్మొచ్చా? తర్వాత అద్దెకిచ్చుకోవచ్చా, అక్కడే ఉండిపోవచ్చా?

జవాబు: దయచేసి ఆ కాగితాల జోలికి వెళ్లకండి. 1954 నాటి థాయ్ భూచట్టం ప్రకారం విదేశీయులు మామూలుగా స్థలం కొనలేరు. కంపెనీ పేరున కొన్నా, డబ్బంతా మీది, థాయ్ వాటాదారులు పేరుకు మాత్రమే అయితే అది బినామీయే. 1999 నాటి విదేశీ వ్యాపార చట్టం కింద మూడేళ్ల దాకా జైలు, పది లక్షల బాత్‌ల (థాయ్ కరెన్సీ) దాకా జరిమానా పడొచ్చు. గడువు పెట్టి స్థలం అమ్మించేస్తారు కూడా. తేదీ వేయకుండా సంతకం చేయించిన వాటా బదిలీ పత్రాలు మీకు అండ అని ఏజెంటు చెబుతున్నాడు గానీ, విచారణ వస్తే మీకు వ్యతిరేకంగా మొదటి సాక్ష్యం అవే.

లీజుకు తీసుకుంటే 30 ఏళ్లే లెక్క. ‘30+30+30’ అని బ్రోషర్లో వేసినా, పొడిగింపు మాటకు హామీ లేదు. మూడేళ్లు దాటిన లీజును భూమి కార్యాలయంలో రిజిస్టర్ చేయించాలి.

సొంతం కావాలంటే కండోమినియం (అపార్ట్‌మెంట్ భవనం) ఫ్లాటే మేలు. మొత్తం ఫ్లాట్ల విస్తీర్ణంలో 49 శాతం దాకా విదేశీయుల పేరున ఉండొచ్చు. ఆ కోటాలో ఖాళీ ఉందని భవన నిర్వహణ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తీసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. డబ్బు డాలర్ల వంటి విదేశీ కరెన్సీలోనే థాయ్ బ్యాంకుకు చేరాలి. అక్కడ బాత్‌లలోకి మార్చాక బ్యాంకు ఇచ్చే పత్రం లేకపోతే రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. హవాలా ఆలోచనే వద్దు.

విదేశాలకు డబ్బు పంపుకోవడానికి ఆర్‌బీఐ పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఏడాదికి ఒక్కొక్కరు 2,50,000 డాలర్లు పంపొచ్చు, మీవారు విడిగా పంపొచ్చు. పది లక్షల రూపాయలు దాటిన మొత్తంపై 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) కడతారు, అది రిటర్నులో సర్దుబాటవుతుంది. ఆ ఫ్లాటునూ, దానిపై వచ్చే అద్దెనూ ఐటీ రిటర్నులో తప్పక చూపాలి.

నెలకు తక్కువగా, రోజులకో వారాలకో టూరిస్టులకు అద్దెకిస్తే హోటల్ లైసెన్సు లేకుండా కుదరదు. ఏజెంటు చూపిన రాబడి లెక్క రోజు అద్దెల మీద వేసిందేమో అడగండి.

ఇల్లు కొన్నంత మాత్రాన వీసా రాదు. 50 దాటినవాళ్లకు రిటైర్మెంట్ వీసా ఉంది, దానికి సాధారణంగా 8 లక్షల బాత్‌లు బ్యాంకులో చూపాలి. ఉన్నన్నాళ్లూ ప్రతి 90 రోజులకూ ఇమిగ్రేషన్‌కు చిరునామా తెలియజేయాలి, ఉద్యోగం చేయకూడదు.

బిల్డరు చూపే లాయరును కాకుండా, మీరే ఒకరిని కుదుర్చుకుని భూమి కార్యాలయంలో యాజమాన్య పత్రం, తాకట్టు వివరాలు చూపించండి.