మాగ్నెట్ బ్యాలెన్స్ చేసే ముందు

చిన్నోడా,

నువ్వు పంపిన వీడియో చూశాను. టెక్కలిలో నీ యమహా ఆరెక్స్ హండ్రెడ్ మాగ్నెట్‌కి, అదే ఇంజను షాఫ్టు మీద తిరిగే అయస్కాంతాల చక్రానికి, రివెట్లు కొట్టించావు, ఊడిన అయస్కాంతం అతికించావు, ఇప్పుడు సరుగుడు తోటల్లో రేజ్ చేస్తుంటే కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి అంటావు. బ్యాలెన్స్ తప్పిందన్న నీ అనుమానం సబబే. కానీ డ్రిల్లు పట్టుకునే తొందర వద్దు.

ముందు పగులు చూడు. మాగ్నెట్‌ని డీజిల్లో రాత్రంతా ఉంచి, పొద్దున గుడ్డతో పొడిగా తుడిచి, రివెట్ల చుట్టూ, నడిమి బుడిపె చుట్టూ సుద్దపొడి చల్లు. పగులుంటే లోపల దాగిన డీజిలు ఊరి, సుద్ద మీద సన్నగీతలా తేలుతుంది. గీత కనిపిస్తే వెల్డింగు మాట ఎత్తకు, పారేయ్. పగిలిన మాగ్నెట్ తిరుగుతూ విడిపోతే కవరు ఆపలేదురా, నీ కాలు అక్కడే ఉంటుంది.

తర్వాత టేపరు, అంటే షాఫ్టు చివర సన్నబడే భాగమూ, అది కూర్చునే మాగ్నెట్ బెజ్జమూ. మాగ్నెట్‌ని షాఫ్టు మీద పట్టి ఉంచేది టేపరు బిగువే. ఆ అర్ధచంద్రం కీ టైమింగు కోసమే, బరువు మోయడానికి కాదు. కీ తీసేసి, వాల్వుల గ్రైండింగ్ పేస్టు కొంచెం రాసి చేత్తో అటూ ఇటూ తిప్పితే, షాఫ్టు మీదా, మాగ్నెట్ లోపలా చుట్టూ ఒకేలా బూడిదరంగు తిరగాలి. మచ్చలు మచ్చలుగా వస్తే ఇంకా తిప్పు. పేస్టు రవ్వంత మిగలకుండా పెట్రోలుతో కడుగు.

ఇంత ఎందుకంటే, ఆరెక్స్ హండ్రెడ్ 7500 ఆర్‌పీఎం దాకా గట్టిగా లాగే బండి. మధ్య నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో 10 గ్రాములు ఎక్కువుంటే, ఆ వేగంలో అది దాదాపు 31 కిలోల బలంతో బేరింగుని గుంజుతుంది. వేగం సగమైతే బలం నాలుగో వంతే. అందుకే ఐడిల్‌లో నీకేమీ తెలియడం లేదు.

లేతు మీద ఒక కడ్డీ తీయించు. నడుమ మాగ్నెట్‌కి సరిపోయే టేపరు, రెండు చివరలూ ఒకే మందం. నా దగ్గర వడ్రంగి మిషను పాత బ్లేడ్లు రెండున్నాయి, వాటి వీపు పైకి పెట్టి రసమట్టంతో సరిచేసి, దాని మీద కడ్డీ దొర్లనియ్యి. బాల్ బేరింగుల్లో వేస్తే వాటి రాపిడి చిన్న తేడాను మింగేస్తుంది. బరువు పక్క కిందికి వచ్చి ఆగుతుంది. మూడు నాలుగు సార్లు వేరే వేరే చోట్ల వదిలి చూడు, ప్రతిసారీ అదే చోటు కిందికి రావాలి.

ఎదుటి పక్క, పైన, మైనం ముద్ద అద్దుతూ పో. ఎక్కడ వదిలితే అక్కడే ఆగిందంటే చాలు. ఆ మైనం తీసి బంగారం కొట్టు తూకంలో పెట్టించు. మైనం పెట్టింది 60 మిల్లీమీటర్ల దూరంలో 4 గ్రాములైతే, బరువు పక్క 40 మిల్లీమీటర్ల దగ్గర తీసేది 6 గ్రాములు. 6 ఎంఎం బిట్టుతో సెంటీమీటరు లోతు బెజ్జం వేస్తే ఉక్కు సుమారు 2.2 గ్రాములు పోతుంది. ఒకే బెజ్జం కాక రెండు మూడు వేసుకో, అవతలికి తూటు పడేలా కాదు సుమా. రివెట్లకీ, కీ గాడికీ, అయస్కాంతాలకీ దూరం. పికప్ (స్పార్కుకి సమయం అందించే కాయిల్) ముందు తిరిగే మిట్టని, కంపెనీ వేసిన పాత బెజ్జాలని ముట్టుకోకు, అవి లెక్కలో ఉన్నవే. డ్రిల్లు కంటే ముందు, అతికించిన చోట పొంగిన గమ్ము గోకి మళ్లీ దొర్లించు. తేడా సగం అక్కడే పోవచ్చు.

నేనొకసారి గుర్తు పెట్టి టీ తాగొచ్చాను. అది బరువు గుర్తో తేలిక గుర్తో మరిచి, తేలిక పక్కనే బెజ్జాలు వేశాను. సరిచేసే పని రెట్టింపైంది. అప్పట్నుంచి సుద్ద గుర్తు పక్కన 'తీయ్' అని రాసుకుంటున్నాను.

డ్రిల్లు వేస్తే ఇనుప రజను అయస్కాంతాలకి అంటుకుంటుంది. లోపల గుడ్డ కుక్కి వెయ్యి, మిగిలింది చపాతీ పిండి ముద్దతో అద్ది తియ్యి. అది కాయిల్ మీద పడిందంటే ఇన్నాళ్ల పనీ పోతుంది. మాగ్నెట్ తీసేటప్పుడు పుల్లరే (మర బిగించి లాగే పనిముట్టు) వాడు, సుత్తి కాదు.

ఒక్క సిలిండరు ఇంజను కాబట్టి కొంచెం వణుకు ఎలాగూ ఉంటుంది, క్రాంక్ బరువుల్ని మాత్రం కెలక్కు. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు మాగ్నెట్ ఎదురుగా నిలబడకు. కడ్డీ కొలతలు కావాలంటే మాగ్నెట్ తీసుకుని ఆదివారం ఆమదాలవలస రా. అత్త ఇంట్లోనే ఉంటుంది, నేను పది గంటలకి వచ్చేస్తాను.

మీ మావయ్య